చిట్టన్న కట్టిన నానమ్మ వేషం

మొన్న బడి నాటకం కోసం మునిమనవరాలి ముఖానికి అర్దళం పూస్తుంటే, ఆ రంగు వాసనకి నేను లేచి బయటికి వచ్చేశాను.

తెల్లదొరల కాలంలో మా మాచర్ల వైపు పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో నవ్వించేవాడు చిట్టన్న. వాడంటే నాకు పిచ్చి. బడి ఎగ్గొట్టి వాడి వెనకే తిరిగేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళ నడకా మాటా పట్టుకుని వాళ్ళ వేషమే కట్టడం వాడి విద్య. ఓ రోజు నా భుజం మీద చెయ్యేసి, ముఖాన అర్దళం, నోట చుట్ట కంపుతో, "ఒరేయ్, మీ ఇంట్లో వింతేందిరా?" అన్నాడు. నేనంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయి, నానమ్మ ఎవరూ లేనప్పుడు చచ్చిపోయిన తాత చేతికర్రతో మాట్లాడుద్దని చెప్పేశాను.

మర్నాడు చావడి దగ్గర చిట్టన్న తెల్లచీర ముసుగేసుకుని, ఒళ్ళో కర్ర పెట్టుకుని, "ఏమయ్యా, సంగటి తిన్నావా?" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఛీ! వెనక్కి తిరిగితే నానమ్మ.

ఆఖరి రోజు వాళ్ళు గింజల కోసం ఇంటింటికీ వచ్చారు. నానమ్మ చాటెడు జొన్నలు పోసి, "చానా బాగా చేశావయ్యా" అంది. ఆ వెధవ పళ్ళికిలించి నాకు కన్నుకొట్టాడు. నానమ్మ చూసింది. ఖాళీ చాట పట్టుకుని లోపలికి పోయింది.

ఆ సాయంత్రం పొయ్యిలో తాత కర్ర మండుతోంది. ఆ మంట మీద ఉడికిన సంగటి నేను మారడిగి తిన్నాను.