గంతలు విప్పిన పాపం

నేనొక గుర్రానికి చేసిన ఉపకారం వల్ల పన్నెండు పట్టుచీరలు, ఒక జట్కాబండి, మా నాయనకు నామీదున్న కాస్త నమ్మకం ఒకే పొద్దున శనక్కాయ చేనుపాలయ్యాయి. వినండి, మీరైనా బాగుపడతారు.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నేను బి.ఏ. పాసైన వారానికే, చీరల మూటలు స్టేషనుకు చేర్చే మా గుర్రం జీను తెగింది. కొత్తది తెమ్మని నాయన హిందూపురం పంపాడు. చదువుకున్నవాణ్ణి కదా, గుర్రం మెడా వీపూ దారంతో కొలుచుకుని మరీ పోయాను. కొలతల్లో వెంట్రుకవాసి తప్పులేదు. తప్పంతా నా జాలిగుండెలో ఉంది.

జీన్లు కుట్టే ముసలాయన సామానంతా పరిచాడు. కళ్లకు అటూ ఇటూ కట్టే తోలుగంతలు చూసి నా గుండె కరిగింది. పాత జీనుకూ ఉండేవే; అప్పటికి నేను బి.ఏ. కాదు.

"ఇవి వద్దు తాతా. దానికీ లోకం చూసే హక్కుండాది."

"గుర్రమేమన్నా అడిగిందా అప్పా?"

"మూగజీవి, ఎట్లడుగుతుంది?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం సదివినావు?"

చెప్పాను.

"అట్లనా," అని గంతలు పక్కన పెట్టేశాడు. ఆ 'అట్లనా'లో ఎంత జాలుందో మరునాడు తెలిసింది.

మరునాడు హిందూపురం పెండ్లివారి చీరలు పొద్దుటి రైలుకు వేయాలి. ఇంటిల్లిపాదీ ఆరు నెలలు నేసినవి. కొత్త జీను కొలిచి కుట్టిన చొక్కాలా అతికింది. బండి కట్టి పగ్గాలు పట్టాను. నాయన మూటతో ఎక్కి కూర్చుని, అప్పుడు చూశాడు.

"గంతలు యాడరా?"

ఆ కేకకు గుర్రం తలతిప్పి వెనక్కి చూసింది. పాపం, ఎనిమిదేండ్లుగా ఒక బండి తనను వెంబడిస్తోందని దానికప్పుడే తెలిసింది!

పరుగెత్తింది. ఎంత పరుగెత్తినా భూతం వెనకే వస్తోంది మరి, నేనైనా ఆగను.

"పగ్గం లాగరా!"

"అదే నన్ను లాగుతాండాది నాయనా!"

స్టేషను వచ్చింది, పోయింది. రైలెక్కాల్సిన మూట రైలుకంటే ముందే పెనుకొండ దారి పట్టింది. ఊరు దాటాక బండి చేలో బోర్లాపడింది. చీరలన్నీ బురదలో పరుచుకున్నాయి. పక్కనే రైలు కూత వేసుకుంటూ పోయింది. కిటికీల్లోంచి జనం చేతులూపారు. నేనూ ఊపాను, ఇంకేం చేయను?

పెండ్లివారు ఇంకెవరో నేసిన చీరలు కట్టుకున్నారు. గుర్రానికి మళ్లీ గంతలు కట్టాం. అయినా అడుగు వేస్తే ఒట్టు. మెడ తిప్పి బండినే చూస్తుంది. గుడ్డిగుర్రానికి పళ్లు తోమడం మీద సామెతుంది. కళ్లున్న గుర్రానికి గంతలు విప్పడం మీద ఇంకా పుట్టలేదు. పుడితే నా పేరనే పుడుతుంది.

నాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎనిమిదేండ్లు దానికి తెలీకుండా బండి లాగిస్తిని. ఒక్క పూటలో దాన్నీ బి.ఏ. సదివిస్తివి గదరా!"

ఆ రోజే గుర్రం సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి కళ్లగంతలూ విప్పను. తర్వాత ముప్పైయేళ్లు హైస్కూల్లో పాఠాలు చెప్పాను. మాట తప్పలేదు.