రాహుకాలంలో బావగారి గేమ్ మిషను

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని నా గట్టి నమ్మకం. (బాపట్లలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, రెండు సబ్జెక్టులు మిగిలిపోయిన సంగతి ఇక్కడ అప్రస్తుతం.) అందుకే రేపల్లె బావగారు, అంటే అక్కని కొత్తగా చేసుకున్నాయన, తన పాత చేతి గేమ్ మిషను తెనాలిలో మా ఇంటికి తెచ్చి, "డిస్కులన్నీ గీతలు పడ్డాయిరా. ఆటలు మెమరీ కార్డులోకి ఎక్కించుకోవచ్చంట, నీకొచ్చా?" అనగానే, "అదెంత పనండీ బావగారూ!" అనేశాను. మొదటి జీతంతో కొనుక్కున్నదట. జాగ్రత్తని మూడుసార్లు చెప్పి, శనివారం పదిన్నరకి వచ్చి పట్టుకెళతానన్నారు.

కార్డులోంచి ఆటలు నడవాలంటే ముందు మిషను లోపలి సాఫ్ట్‌వేరు మార్చాలి. కంపెనీవాళ్లది తీసి, ఎవరో ఉత్సాహవంతులు ఇంట్లో కూర్చుని రాసింది వేయాలి. మధ్యలో ఛార్జింగ్ అయిపోయిందా, ఇక మిషను ఇటుకతో సమానం. ఆ మాట వినగానే అమ్మ గుండె పట్టుకుంది. "కొత్తల్లుడి వస్తువురా! ఏదన్నా అయితే అక్క అత్తారింట్లో తలెత్తుకుంటుందా?" అని, పక్క వీధిలో పౌరోహిత్యం చేసే బాబాయిని పిలిపించింది. ఆయన శనివారం ఎనిమిదీ నలభైకి ముహూర్తం పెట్టాడు. మిషనుకి పసుపు రాశారు. (మీటల మీద బొట్టు పెట్టొద్దని బతిమాలితే తెర మీద పెట్టారు.)

సగం పని సజావుగానే అయింది. మిగతా సగానికి మీట నొక్కమని తెర మీద పడింది. నొక్కబోతుంటే బాబాయి నా చెయ్యి పట్టేసుకున్నాడు. "తొమ్మిదైంది, రాహుకాలం! పదిన్నరదాకా ముట్టుకోకు." సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. (తీగలమీది కొమ్మలు కొడతారని ముందురోజే మైకులో చెప్పారు. వింటే కదా!)

బ్యాటరీ మూడు గీతలు రెండయ్యాయి, రెండు ఒకటైంది. మిషను వేడెక్కిందని అమ్మ విసనకర్రతో దానికి విసురుతోంది. బాబాయి ఏదో స్తోత్రం అందుకున్నాడు. పదింపావుకి ఎర్ర దీపం కొట్టుకోసాగింది. నాకు ఏడుపొచ్చేసింది.

"బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా! మొదలెట్టిన పని మధ్యలో ఆగిపోతే మిషను చచ్చిపోతుంది!"

స్తోత్రం ఆగింది. "ఇందాకటిది అయిపోయింది, ఇది రెండో పని కదరా?"

"ఒకటే పని బాబాయ్! రెండు ముక్కలంతే!"

"ఓరి నీ అసాధ్యం కూలా! రాహుకాలం అడ్డొచ్చేది కొత్తగా మొదలెట్టడానికేరా. మొదలెట్టింది ఆపనే కూడదు. ముందే చెప్పొద్దూ? నొక్కు!"

నొక్కాను. తెర నల్లబడింది. ఎంతకీ వెలగలేదు. గేటు చప్పుడైంది. బావగారు చెప్పులు విడుస్తుండగా, బొట్టు వెనకాల నీలంగా వెలిగింది.

"పసుపేంట్రా దీనికి?" అన్నారు ఆయన.

"దిష్టి తగలకుండా బాబూ," అంది అమ్మ.

ఇప్పుడు అదే పని ఆఫీసు కంప్యూటర్లకి జీతం తీసుకుని చేస్తున్నాను. మధ్యలో 'కొనసాగించాలా?' అని అడిగిన ప్రతిసారీ, పక్కవాళ్లు నవ్వుతున్నా సరే, తెనాలికి ఫోన్ చేస్తాను.

"మొదలెట్టేశావా?"

"ఆఁ, బాబాయ్."

"మరి నన్నడుగుతావేంట్రా? నొక్కు!"

ఆయనేమంటాడో నాకు తెలుసు. అయినా ఆయన అనేదాకా నా వేలు కదలదు.