బానెట్ మీద నాలుగు ప్లాట్లు

మా మావయ్య చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. ముందర రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. మెత్తటి గుడ్డని షాంపూలో ముంచి కారు పైకప్పు మీద ఒక వరస రుద్దడం, ఉత్త నీళ్ళలో జాడించి పిండడం, మళ్ళీ షాంపూలో ముంచడం. పైనుంచి కిందికి రావాలి. కింద మొదలుపెడితే చక్రాల దగ్గరి ఇసుక గుడ్డకి పట్టుకుని పైదాకా గీతలు పెట్టుకుంటూ పోతుంది. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు. సొంత స్కూటర్‌ని పాడుచేసుకుని నేర్చుకున్నాడు.

ఈ కారు మాత్రం సొంతం కాదు. ఆయన అన్నగారిది, అంటే మా పెద్ద మావయ్యది. ముదురు నీలం రంగు. ఊరెళ్తూ ఆయన దీన్ని తమ్ముడి ఇంటి ముందు రేకుల నీడలో పెట్టి, తాళం మాత్రం జేబులో వేసుకుని వెళ్ళాడు.

ఆ తాళం కోసం మా అత్తయ్య ఎదురుచూస్తోంది. బడి యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో ఆమెది కుట్టుపని. అక్కడ సరుకు చేరవేసే వ్యాను నడిపే పని ఖాళీ అయింది. లైసెన్సు తెచ్చుకుంటే నీదే అన్నాడు యజమాని. ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది, పరీక్షకి పేరిచ్చింది. పరీక్ష రేపనగా నేర్పే స్కూలు కారు గేర్‌బాక్స్ పోయింది. వేరే కారు తెచ్చుకుంటే సరే, లేకపోతే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో తెలీదు, అప్పటిదాకా వ్యాను పని ఆగదు. పెద్ద మావయ్యకి ఫోన్ చేసింది. ఆయన, "సాయంత్రానికి వస్తున్నాను. వచ్చి చూస్తాను. ఇచ్చినట్టే ఉంటే తీసుకెళ్ళు" అన్నాడు.

పెద్ద మావయ్య బట్టల మిల్లులో గుడ్డ తానులు ఒక్కొక్కటే విప్పి లోపాలు పట్టే ఉద్యోగం చేసినవాడు. ఉద్యోగం వదిలేసినా కళ్ళు వదల్లేదు. పెళ్ళికి వెళ్ళినా ముందు పందిరి గుడ్డ కుట్టు చూస్తాడు.

అందుకే పొద్దున్నే అత్తయ్య మొగుడికి మరీ మరీ చెప్పింది. "కడగండి. తుడవండి. వదిలెయ్యండి. అంతకు మించి చెయ్యి పెట్టకండి."

"సరే" అన్నాడు మావయ్య. ఆయన 'సరే' విలువ ఆమెకి తెలుసు. తెలిసినా లోపల కార్ఖానా కుట్టుపని మిగిలి ఉండటంతో మిషను ముందు కూర్చుంది.

మావయ్య పటాలకి ఫ్రేములు కట్టే మనిషి. జేబులో కొలత టేపు లేకుండా బయటికి రాడు. అన్నం పళ్ళెం కూడా బల్ల అంచుకి సమంగా జరిపి కూర్చుంటాడు. వీధిలో ఆయన్ని కొలతల బావ అంటారు. అంత కొలిచే మనిషికి పెళ్ళాం చెప్పిన దాంట్లో కొంచెం ఎక్కువ చేస్తే ఇంకా బాగుంటుందనే నమ్మకం ఒకటి ఉంది.

కారు కడగడం అయింది. మెత్తటి తువ్వాలుతో తడి ఒత్తి తీశాడు. అక్కడితో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన లోపలికెళ్ళి మెరుపు కోసం రాసే పసుపుపచ్చ వ్యాక్స్ డబ్బా తెచ్చాడు.

పక్కింటి ప్రహరీ మీద మోచేతులు ఆన్చి చూస్తున్న టాక్సీ అన్నకి నవ్వొచ్చింది.

"ఆ డబ్బా ఇంకా బతికే ఉందా బావా? దాన్ని గీకాలంటే గునపం కావాలి. ఇప్పుడంతా స్ప్రే. ఇలా కొట్టు, అలా తుడువు, టీకి వెళ్ళు."

"నీ స్ప్రే మెరుపు నువ్వు టీ తాగి వచ్చేలోపే పోతుంది."

"నా బండి ఎక్కేవాళ్ళు ముందు అద్దంలా మెరిసే దాని డోర్లో తల దువ్వుకునే ఎక్కుతారు, తెలుసా?"

తల అనే మాట వినపడగానే ఎదురు సెలూన్ బాబాయి దువ్వెన చెవి వెనక పెట్టుకుని వచ్చేశాడు. విషయం విని, "మెరుపు ఎవడైనా తెస్తాడు, నిలబెట్టాలిగా. నా దగ్గర మీసాలకి రాసే మైనం ఉంది. ఎండకీ, చెమటకీ, పెళ్ళాం తిట్లకీ మీసం వాలదు. ఇనప రేకు ఎంత?" అన్నాడు.

మూలనున్న బూట్ల దుకాణం పెద్దాయన కూడా వచ్చాడు. రంగులేని పాలిష్ డబ్బా ఒకటి తెచ్చి బానెట్ మీద పెట్టాడు, తీర్పు రాసిన కాగితం పెట్టినట్టు.

మావయ్యకి ఇంక చేతులు ఆగలేదు. "మాటలెందుకు? వేసి చూద్దాం" అని, ఫ్రేములకి వాడే కాగితం టేపు చుట్ట తెచ్చాడు. బానెట్ పొడవు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, మూలమట్టం పెట్టి నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి టేపు అంటించాడు. నాలుగు ప్లాట్లు, నూలుపోగంత తేడా లేదు. టాక్సీ అన్న ప్రహరీ దూకి వచ్చి, గాలివాటం బాగుందని డ్రైవరు వైపు ప్లాటు కోరుకున్నాడు. తన ప్లాటుకి ఈశాన్యం తగ్గిందని సెలూన్ బాబాయి పేచీ పెట్టాడు. మావయ్య మళ్ళీ కొలిచి చూపించాడు.

అందరూ రుద్దారు. నీళ్ళు చల్లి చూశారు. నాలుగింటి మీదా నీళ్ళు ముత్యాల్లా నిలబడ్డాయి.

"చూశారా, నాది" అన్నాడు టాక్సీ అన్న.

"నాది గుండ్రంగా ఉంది. నీది కాస్త బల్లపరుపు" అన్నాడు సెలూన్ బాబాయి.

పెద్దాయన తన ప్లాటు మీదికి వంగి, అందులో తన ముఖం చూసుకుని, సంతృప్తిగా టోపీ సర్దుకున్నాడు.

మావయ్య వంగి ఒక్కో చుక్కనీ కొలత టేపుతో కొలవబోతుంటే లోపలి నుంచి మిషను చప్పుడు ఆగింది. ఆయన హడావుడిగా కాగితం టేపు పీకేశాడు. అప్పుడు కనపడింది అసలు రూపం. స్ప్రే వేసిన ముక్క లేత వెలుగు. మీసం మైనం ముక్క జిడ్డుగా, మీద అప్పుడే చేరిన దుమ్ముతో. పాలిష్ ముక్క మిగతా మూడింటికంటే నల్లగా, లోతుగా. మావయ్య తన పసుపు వ్యాక్స్ ప్రేమ కొద్దీ మందంగా పూశాడు, అది ఆరి తెల్లగా పొడిపొడిగా పట్టేసింది. నాలుగింటి మధ్యా టేపు ఉన్నచోట ఏమీ లేని గీతలు. నీలం కారు ముక్కు మీద ఎవరో అతుకుల బొంత పరిచినట్టుంది.

అత్తయ్య మెడలో కొలత పట్టీ, సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగిన అంగుస్తానాతో గుమ్మంలో నిలబడింది. మెట్లు దిగి వచ్చి బానెట్ మీద ఒక్కో ముక్కనీ చూసింది. 

"ఇందులో మనది ఏ ప్లాటండీ?" అంది.

మావయ్య తెల్లగా ఉన్నదాన్ని వేలితో చూపించాడు.

"రిజిస్ట్రేషన్ అయిందా?"

"అది కాదు, నువ్వు విను. ఇంకొంచెం మెరిస్తే అన్నయ్య సంతోషించి..."

"ఇచ్చినట్టే ఉంటే ఇస్తానన్నారు బావగారు. ఇలా ఇచ్చారా ఆయన? రేపు పరీక్ష చేసే ఆయన ముందు ఏ ముక్క నడపమంటారు నన్ను?"

 టాక్సీ అన్న అప్పటికే ప్రహరీ దూకి అటువైపు తల దించుకోబోతున్నాడు.

"అన్నయ్యా, మీరు ఎక్కడికి? గేటు లోంచి రండి. బాబాయి గారూ, మీరూ ఉండండి. పెద్దాయనా, ఆ స్టూలు తెచ్చుకోండి."

వంటింట్లోంచి గిన్నెలు తోమే సబ్బు ద్రవం తెచ్చి బకెట్‌లో కలిపింది. కారు షాంపూ వ్యాక్స్‌ని ముట్టదు. గిన్నెల సబ్బు ఏ జిడ్డునీ బతకనివ్వదు. బానెట్ మొత్తం ఆమే కడిగింది. ఒకసారికి పోలేదు. మీసం మైనం అయితే మీసం మీద నిలబడ్డట్టే నిలబడింది. సెలూన్ బాబాయి ముఖంలో ఆ గర్వం చూసి అతని చేతికే గుడ్డ ఇచ్చింది. తన మైనాన్ని తానే రుద్ది రుద్ది వదిలించాడు. మూడోసారికి బానెట్ మీద నీళ్ళు నిలవకుండా పలచగా జారిపోయాయి. నాలుగు ప్లాట్లూ పోయాయి. ఉన్న కాస్త పాత మెరుపు కూడా వాటితోపాటే పోయింది.

"ఇప్పుడు ముక్కు వెలిసిపోయినట్టుంది, ఒళ్ళు బాగానే ఉంది" అన్నాడు మావయ్య. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

బానెట్‌కి ఏదో ఒకటి వెయ్యక తప్పదు. వేస్తే అది మెరుస్తుంది, అప్పుడు డోర్లు వెలవెలపోతాయి. ఒకచోట రుద్దితే ఇక చుట్టూ తిరిగి రావాల్సిందే. అత్తయ్య డబ్బాలన్నీ ఊపి చూసింది. స్ప్రే అడుగంటింది. పాలిష్ డబ్బా బూటుకి చాలుతుంది, కారుకి చాలదు. మిగిలింది గునపం కావాలన్న పసుపు డబ్బా.

"అందరికీ ఇదే" అంది.

"స్ప్రే ఇంకోటి తెస్తా చెల్లెమ్మా, నిమిషంలో..."

"పని అయ్యేదాకా ఎవరు నోరు తెరిచినా వాళ్ళ డోరు పక్కవాళ్ళకి ఇచ్చేస్తా. పక్కవాళ్ళే బాగా చేశారని అందరికీ చెప్తా."

దాంతో టాక్సీ అన్న నోరు మూతపడింది. యూనిఫాం లోపలి పొరకి వాడే మెత్తటి గుడ్డ తానులోంచి ముక్కలు కత్తిరించి తలా రెండిచ్చింది, ఒకటి పూయడానికి, ఒకటి తుడవడానికి. ఎంత పుయ్యాలో బానెట్ మీద ఆమే చూపించింది. డబ్బాలో గుడ్డని నొక్కలేదు, తాకించింది. పూసిన చోట ఊపిరి తగిలిన అద్దంలా సన్నటి మసక. అంతే. వేలితో గీస్తే మసక శుభ్రంగా లేచిపోతే తుడవాలి, సాగితే ఆగాలి.

టాక్సీ అన్నకి ముందు డోరు, సెలూన్ బాబాయికి అటువైపు వెనక డోరు, పెద్దాయనకి డిక్కీ.

"మరి నాకు?" అన్నాడు మావయ్య.

"మీకు చక్రాలు. కొలుచుకోండి, అన్నీ ఒకటే సైజు."

పని మొదలైంది. డబ్బా ఒకటే, గుడ్డ ఒకటే, చేతులు మాత్రం ఎవరివి వాళ్ళవి. టాక్సీ అన్న ఇలా కొట్టి అలా తుడిచే అలవాటుతో ఆరకముందే తుడిచేశాడు. డోరంతా మబ్బులు. మళ్ళీ చేయించింది. పెద్దాయన గుడ్డని రెండు చేతులా పట్టుకుని బూటు ముక్కు మీద లాగినట్టు డిక్కీ అంచు మీద ఇటూ అటూ లాగుతున్నాడు. మధ్యలో అలవాటు కొద్దీ డిక్కీ మీద ఉమ్మబోయాడు.

"పెద్దాయనా" అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండానే.

ఆయన మింగేశాడు.

సెలూన్ బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని, గిరాకీ మొహం అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు కొద్దీ, డోరు తిరగదు కాబట్టి తనే అటూ ఇటూ వంగి చూస్తూ, చెంప దగ్గర కత్తి ఆడించినంత తేలిగ్గా పూశాడు. గుడ్డ మడత మార్చి మార్చి తుడిచాడు.  అతను అంతసేపు నోరు మెదపకుండా ఉండటం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మిగతా డోర్లు, పైకప్పు అత్తయ్య చేసింది. అయ్యాక ఒక్కో డోరు ముందు గొంతుక్కూర్చుని, పక్కనుంచి పడే ఎండలో చూసింది. మబ్బు కనపడిన చోటల్లా వేలు పెట్టింది. వేలు పెట్టిన చోట మారు మాట లేకుండా మళ్ళీ రుద్దారు.

పెద్ద మావయ్య చేతిసంచితో గేటు తీసుకుని వచ్చేసరికి ముగ్గురు పెద్దమనుషులు గోడకి ఆనుకుని వరసగా నిలబడ్డారు. నాలుగోవాడు చక్రం పక్కన చతికిలబడి ఉన్నాడు.

"ఎవరైనా పోయారా?" అన్నాడు ఆయన.

నలుగురూ అత్తయ్య వంక చూశారు. ఆయన సంచి దించి, కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుని, కారు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు వేశాడు. రెండో చుట్టులో హెడ్‌లైటు పక్క సందు దగ్గర ఆగాడు. చిటికెన వేలు గోరు ఆ సందులో పెట్టి, తీసి, చూశాడు. గోటి కొసన తెల్లటి పొడి.

"ఇదేమిటి?"

"దుమ్మేమో అన్నయ్యా" అన్నాడు మావయ్య.

"నిన్నడగలేదు. ఏమ్మా, ఇదేమిటి?"

అత్తయ్య ఒక్కసారి మొగుడి వంక చూసింది. చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"వ్యాక్స్, బావగారూ. మీ తమ్ముడుగారు బానెట్‌ని నాలుగు ప్లాట్లు చేసి వీధికి పంచారు. తలా ఒక రకం వేశారు. చూడలేని విధంగా తయారైంది. నేను మొత్తం కడిగేశాను. కడిగితే మెరుపు పోయింది. మళ్ళీ కారంతా వీళ్ళ చేతే రుద్దించాను."

"ఇచ్చినట్టే ఉండాలన్నాను."

"ఇచ్చినట్టు లేదు" అంది అత్తయ్య. "అబద్ధం చెప్పి తాళం తీసుకోను."

పెద్ద మావయ్య వెనక డోరు దగ్గరికెళ్ళి వంగాడు. డిక్కీ చూశాడు. ముందు డోరు చూశాడు.

"ఇది తొందర మనిషి చెయ్యి. డిక్కీ బలమైన చెయ్యి, కాస్త తగ్గి ఉంటే బాగుండేది. ఈ వెనక డోరెవరిది?"

సెలూన్ బాబాయి చెయ్యెత్తాడు, బళ్ళో లాగా.

"నోటితో చెప్పొచ్చు."

"అమ్మాయి మాట్లాడొద్దంది."

పెద్ద మావయ్య కళ్ళజోడు తీశాడు. గోడ వారన ముగ్గుర్నీ చూశాడు, చక్రం దగ్గర తమ్ముణ్ణి చూశాడు.

"ఎంతసేపు ఊరుకున్నారు వీళ్ళు?"

"మొదలుపెట్టినప్పటి నుంచీ, మీరొచ్చేదాకా."

"నలుగురూ?"

"నలుగురూ."

ఆయన జేబులోంచి తాళం తీశాడు. అత్తయ్య చేతిలో పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, "వీళ్ళని వరసలో నడిపినదానివి. రోడ్డు మీద ఇంతకంటే మొండివాళ్ళు తగల్లేదు నాకు. పట్టు. ఇప్పుడొకసారి వీధి చివరిదాకా తీసుకెళ్ళి రా, క్లచ్ కాస్త గట్టి" అన్నాడు.

అత్తయ్య మెడలో కొలత పట్టీ తీసి మొగుడికిచ్చి, ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. బెల్టు పెట్టుకుంది. మావయ్య చటుక్కున లేచి గేటు దగ్గర నిలబడి, రెండు చేతులూ చాపి "కుడికి... ఇంకో జానెడు... ఆ, ఎడమకి బెత్తెడు" అని చెప్తున్నాడు. ఆమె ఆయన వంక చూడలేదు. అద్దాల్లో చూసుకుంటూ, రెండువైపులా సమానంగా ఖాళీ వదిలి, కారుని వెనక్కి వీధిలోకి తీసుకుపోయింది.