పన్నీరు గులాబీకి నేను చేసిన పెళ్లి

చిన్న పట్టకారుతో ఒక చెట్టునీ, ఒక మొక్కునీ, ఒక మేనత్త మనసునీ ఒకే పూటలో పాడుచేసిన మొనగాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేశాను కనుక, చదువుకున్నవాడి కన్నా వీడియో చూసినవాడు మేలని నా నమ్మకం. బరంపురంలో మా మేనత్త పెరట్లో పాతకాలపు పన్నీరు గులాబీ ఒకటుంది. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. పూసిందంటే వాసన ఆటోస్టాండు దాకా పోతుంది. దానికి మా ఇంటి ఎర్ర గులాబీతో పెళ్లి చేస్తే పన్నెండు నెలలూ పూసే పిల్ల పుడుతుందని ఫోనులో ఎవడో చెప్పాడు. నేను పురోహితుణ్ణయిపోయాను.

అంతకుముందు వచ్చిన తుఫానులో చెట్టు మీద ప్రహరీ కూలింది. "బతికితే తొలి పూలు ఠాకురాణి అమ్మోరికే" అని అత్త మొక్కుకుంది. బతికింది. పదకొండు మొగ్గలేసింది. మొక్కు సంగతి నీకు తెలీదా అంటారేమో. తెలుసు! రెండు అమ్మవారికి వదిలేద్దామనే మొదలుపెట్టాను. చేయి తిరిగాక ఆగితేనా? విచ్చుకోబోయే మొగ్గల రెక్కలు పీకి, పట్టకారుతో కేసరాలు తీసి, మా గులాబీ పుప్పొడి అద్ది, పదకొండింటికీ కాగితం సంచులు కట్టేశాను.

మర్నాడు పొద్దున్నే అత్త పూలబుట్టతో వచ్చింది.

"ఇయ్యేటిరా?"

"సంచులత్తా."

"అది నాకూ అగుపడతన్నాది. లోపలేటున్నాది?"

"పెళ్లికూతుళ్లు."

ఒక సంచి విప్పింది. "రెక్కలేయిరా?"

"సేటలో ఉన్నాయత్తా. పన్నీరు కాసుకో."

"అమ్మోరికిద్దామని తానం సేసి వొచ్చినాను. నువ్వేమో పూలని ఈకలు పీకిన కోడిపిల్లల్లాగ నిలబెట్టినావు!"

"కాయలు పండినాక కొత్త మొక్కలొస్తాయత్తా. దానికి నీ పేరే పెడతాను."

"నా పేరు నాకున్నాదిరా! అమ్మోరికేటి సెప్పమంటావు, ఈడియో సూడమనా?"

పదకొండు సంచుల్లో పది రాలాయి. ఒకే ఒక్క కాయ నిలిచింది. నెలల తరబడి దానికి నేను చేసినంత కాపలా మా ఇంటి తలుపుకి కూడా ఎన్నడూ చేయలేదు. తీరా ఎర్రగా పండిన రోజున వెళితే, కొమ్మ ఖాళీ!

"కాయేదత్తా?"

"పువ్వు బదులు అమ్మోరికి ఇచ్చేసినాను."

"అయ్యో, ఇత్తనాలన్నీ అందులోనే కదే!"

"ఏడవకు. కాయొక్కటీ సాలదంట. పూలు పీకినోడి జుట్టు కూడా ఇమ్మన్నాది."

"ఎవరు? అమ్మోరా?"

"అమ్మోరికి నోరేదిరా? ఆవిడ తరపున నేనే అన్నాను. అరుగు మీద మంగలాయన కత్తి నూరుకోని కూకున్నాడు, ఎల్లు."

బోడిగుండు మీద చెయ్యి పెట్టుకుని, సకల గులాబీల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ పువ్వుకీ సంబంధం చూడను. చూడాల్సి వస్తే ముందు అత్తనడుగుతాను. అత్త ఎలాగూ ఒప్పుకోదు. కాబట్టి రెండు మాటలూ ఒకటే.