నాయనమ్మ దాచిన కుచ్చు

పక్కింటి గోడ మీద ఆరేసిన బొంత నుంచి ఉచ్చ వాసన వచ్చేసరికి నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పట్లో నా స్కర్టు రోజూ బడిలోనే తడిసేది. ఒక్కోసారి దొడ్డికి వచ్చినా తెలిసేది కాదు. అందరూ బద్ధకం అనేవాళ్లు. నడుము కింద, సరిగ్గా వెన్ను మీద నాకు వెంట్రుకల కుచ్చు ఉండేది. "అది లచ్చిమి బిడ్డా, మందికి చూపెడితే పోతది" అని నాయనమ్మ దాని మీదుగా మొలతాడు కట్టేది. నేనూ నమ్మాను.

ఝరాసంగం నుంచి ఆటోలో జహీరాబాద్ దవాఖానకు తీసుకెళ్లి కూడా, "ఒట్టి బద్ధకమమ్మా, జర భయం చెప్పున్రి" అంది నాయనమ్మ, డాక్టరమ్మతో. నాకు ఒళ్లు మండింది. లచ్చిమి పోతే పోనీ అనుకుని, వెనక్కి తిరిగి చొక్కా పైకెత్తాను.

డాక్టరమ్మ కుచ్చును చూసి, కాళ్లు తడిమి చూసింది. "బద్ధకం కాదు పెద్దమ్మా. లోపల వెన్నుపాము అతుక్కున్నట్టుంది. అందుకే బిడ్డకు తెలుస్తలేదు" అంది.

ఆపరేషన్ ఆలస్యమైంది. ఇప్పటికీ మూత్రం పైపుతోనే తీసుకుంటాను. ఎవరి ముందూ దాచను.

నన్ను చూడగానే పక్కింటామె గబగబా, బడికెళ్లే కూతురి బొంతను లోపలికి లాగబోయింది.

"ఎండలనే ఉండనీ వదినా" అన్నాను. "పిల్లను పిలువు. జర నడుం చూస్త."