ఫోను కోసం వదిలిన ఖాళీ

ఈ ఉదయం బ్యాంకుకు ఫోన్ చేస్తే ఎంగేజ్ మోత వినిపించింది.  ఆ మోత చెవిన పడితే ఇప్పటికీ సుగుణక్క గుర్తొస్తుంది.

సుగుణక్క వాళ్ళది కాకినాడ వైపు నుంచి వచ్చిన కుటుంబం. రాయపూర్‌లో మా రైల్వే క్వార్టర్ల పక్కనే కంప్యూటర్ సెంటర్ నడిపేది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా రాష్ట్రం కాలేదు. నా మొదటి ఉద్యోగం ఆ సెంటర్లోనే. ఉన్నది ఒకే ఫోను లైను, ఇంటర్నెట్టూ దాని మీదే. నెట్టు నడిచినంతసేపూ బయటివాళ్ళ ఫోన్లు కలవవు, చేసినవాళ్ళకు ఎంగేజ్ మోతే. ఆ వారమే నాన్నకు బిలాస్‌పూర్‌లో పేగు ఆపరేషన్. తమ్ముడికి పరీక్షలని నన్ను రాయపూర్‌లోనే ఉంచి అమ్మ ఆయన వెంట వెళ్ళింది. ఆపరేషన్ కాగానే అక్కడి ఫోను బూత్ నుంచి సెంటరుకే ఫోన్ చేస్తానంది. ఆపరేషన్ రోజు పొద్దుటి నుంచి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, ఉండబట్టలేక మాటిమాటికీ నెట్టు వైరు పీకేస్తున్నాను. అక్క చూసి చూసి విసుక్కుంది.

“ఇలా పీకుతుంటే గిరాకీ అంతా ఎదురు కొట్టుకి పోద్ది. పోనీ నీ పరేషానీ ఏమన్నా తగ్గిందా? ఆగు, ఏదో జుగాడ్ చేద్దాం, ఉపాయం లేకపోదు. ఈ నెట్టులో సగం ఎవడో ఒకడు విసుగెత్తి చేసిందేనే.”

మధ్యాహ్నానికల్లా చిన్న ప్రోగ్రాం రాసేసింది. కాసేపటికోసారి నెట్టు దానంతటదే ఆగుతుంది, ఫోను మోగడానికి కొద్ది నిమిషాలు వదిలి మళ్ళీ కలుస్తుంది. మొదటిసారి ఆగగానే, రిజల్టు చూసుకుంటున్న కాలేజీ కుర్రాడు మళ్ళీ తెగిపోయిందని గొడవకు దిగాడు.

“మేడమ్, ఫిర్ కట్ గయా.”

“రుకో భయ్యా. ఇస్‌కే పాపా కా ఆపరేషన్ హై,” అని అక్క, మా నాన్న ఆపరేషన్ సంగతి చెప్పి ఆగమంది.

అతను నా ముఖం చూసి కూర్చుండిపోయాడు. ఆ తర్వాత నెట్టు ఆగినప్పుడల్లా అందరూ మాటలాపి ఫోను వైపే చూసేవాళ్ళు. రెండు ఖాళీలు మోగకుండానే గడిచిపోయాయి. నాన్న లేరేమోనని నా మనసు కీడే శంకించింది. మూడోసారి మోగింది. రిసీవరు అక్కే ఎత్తి నా చెవికి ఆనించింది.

“ఎంతసేపట్నించి చేస్తన్నానే,” అమ్మ గొంతు. “నాన్న కళ్ళు తెరిచారు. నువ్వు తిన్నావా అని అడుగుతున్నారు.”

అక్క భుజం మీద తలపెట్టి భోరున ఏడ్చాను.

నాన్న ఇంటికొచ్చాక, గిరాకీకి ఇబ్బంది కదా, ఆ ప్రోగ్రాం తీసేద్దామన్నాను.

“ఉండనీవే. నాన్న నీకొక్కదానికే ఉన్నాడా?” అంది అక్క.

ఇప్పుడు నా ఆఫీసులో ఏ పని ప్లాన్ చేసినా, ఎవరికి ఏ ఫోను రావాల్సి ఉందోనని, నడుమ కాస్త ఖాళీ వదలమంటాను. నా దగ్గర పనిచేసే పిల్లలు దాన్ని నా చాదస్తమనుకుంటారు. అనుకోనీ.