తుప్పు వదిలిన స్వీడన్ లాక్

రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన రామసుబ్బమ్మ 2008లో గల్ఫ్‌లోని బౌషర్‌లో హెన్రిక్ అనే స్వీడన్ ఇంజనీరు ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి హాల్లో, మఖ్మల్ గుడ్డ మీద, అరచేయంత తుప్పు ఇనుము ఒకటి ఉండేది. ఎవరొచ్చినా ముందు దాని దర్శనం చేసుకోవలసిందే.

“లాక్. బహుత్ పురానా,” చాలా పాతదని వచ్చీరాని హిందీలో అన్నాడు హెన్రిక్ మొదటి రోజే.

ఆమె తాళమనుకుంది. “బీగం చెవి యాడనో పారేసుకున్నట్టుండాడు రియాజూ. పొద్దస్తమానం దాన్నే సూస్తాంటాడు, పాపం,” అని ఆ ఇంటి కడప డ్రైవరు రియాజ్ దగ్గర జాలిపడింది.

నిజానికి అది పాతకాలపు స్వీడన్ సిపాయి తుపాకీలో నిప్పు పుట్టించే భాగం; దాన్నీ ఇంగ్లీషులో లాక్ అనే అంటారు. హెన్రిక్ అతిథులకు దాని చరిత్ర వడ్డించేవాడు. మొదట్లో సిపాయిలు మండే వత్తి పట్టుకుని యుద్ధానికి పోయేవారట; వానొస్తే శత్రువుకీ సెలవే. తర్వాత పొడుగాటి కొక్కేనికి చెకుముకి రాయి బిగించారు. మీట నొక్కితే అది ఉక్కుపలకను కొట్టి నిప్పురవ్వలు రాల్చేది. ఇక స్ప్రింగు బయటివైపే ఎందుకుందో చెప్పేసరికి అన్నం చల్లారేది.

ఒక శుక్రవారం పక్కింటి ముర్తుజా భోజనానికి వస్తున్నాడు. హాల్లో తుప్పు కనిపిస్తే తనకే మాటొస్తుందని రామసుబ్బమ్మ దాన్ని చింతపండు రసంలో నానేసి, తోమి, కొబ్బరినూనె రాసింది. తళతళలాడింది.

హెన్రిక్ సోఫాలో కూలబడ్డాడు. “నాలుగు వందల యేళ్ల తుప్పు!”

“ఔ సారూ, సేతులు పడిపోయినాయి,” అందామె సంబరంగా.

ముర్తుజా వంగి చూశాడు. “ఇక్కడేదో ముద్ర ఉందే!”

తుప్పు కింద చేసినవాడి గుర్తు బయటపడింది. హెన్రిక్ లేచి కూర్చున్నాడు. మరుసటి వారం నుంచి ఉపన్యాసంలో కొత్త భాగం చేరింది: తాను ప్రత్యేక రసాయనంతో శుద్ధి చేయించిన వైనం. రసాయనం పిసికిన మనిషి వంటింట్లో అప్పడాలు వేయిస్తోంది.

ముర్తుజా భార్య జైనబ్‌కు మాత్రం సంగతి తెలుసు. వాళ్ల గోడ నిండా తాతల నాటి వత్తి తుపాకులే. ఆమె రామసుబ్బమ్మను తమ ఇంటి పనికి అడగగానే హెన్రిక్ ఎంతో సంతోషంగా పంపించేశాడు.

“ఇప్పుడేం పనిమ్మా?” అని కూతురు అంజలి ఫోన్లో అడిగింది.

“తుపాకులు తోముతుండా.”

కార్డు అయిపోయి లైను తెగింది. ఆ మాట ఊరంతా పాకింది. రామసుబ్బమ్మ సెలవు మీద వచ్చేసరికి దూరపు బావ ఒకడు దండం పెట్టి, పొలం గట్టు తగాదాకు తోడు రమ్మన్నాడు. ఆమె కాదనలేదు. వెళ్లి, కుర్చీలో నోరు విప్పకుండా కూర్చుంది. అవతలివాళ్లు గట్టు వదిలేశారు.